ఆ అరగంట కేసుకెకి ఇవ్వలేదు బావా

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "రాత్రిళ్ళు అంతసేపు మేలుకుని ఏం చేస్తున్నావురా" అని అడిగావు. అప్పుడు పక్కన ఆఫీసు వాళ్ళున్నారు, ఏదో చెప్పి తప్పించుకున్నా. ఇది నీకు తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఒక గేము పట్టుకుంది నన్ను. పేరు డెవిల్ సర్వైవర్. కొత్తదేం కాదు, అట్లస్ కంపెనీ నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ కోసం 2009లో తెచ్చింది. ఇక్కడ టోక్యోలో అకిహబారా అనే చోట ఒక సెకండ్ హ్యాండ్ షాపులో డీఎస్ కొన్నాను. గేము మాత్రం అమెరికాలో ఉన్న మా వదిన వాళ్ళ తమ్ముడు పంపాడు. డీఎస్‌లో మంచి గుణం ఒకటుంది. దాదాపు ఏ దేశంలో కొన్న గేమైనా ఏ దేశపు మెషీన్లో పెట్టినా ఆడుతుంది. తర్వాత వచ్చిన త్రీడీఎస్‌లో ఆ సుఖం లేదు. అలా జపాన్ మెషీన్లో ఇంగ్లీషు గేము ఆడుతున్నాను.

కథ ఈ ఊళ్ళోనే, టోక్యోలోనే జరుగుతుంది. హీరోకి పేరు మనమే పెట్టుకోవాలి. వాడికిద్దరు స్నేహితులు. అత్సురో ప్రోగ్రామింగ్ పిచ్చోడు, యుజు మామూలు కాలేజీ వయసు పిల్ల. ముగ్గురూ షిబుయాలో కలుసుకుంటారు. హీరోకి అన్న వరసయ్యే నవోయా అనేవాడు వీళ్ళకి తలా ఒక చిన్న కంప్యూటరు పంపిస్తాడు. అది చూడ్డానికి అచ్చం మన చేతిలో ఉన్న డీఎస్ లాగే ఉంటుంది. తెరిస్తే అందులోంచి దయ్యాలు బయటికొస్తాయి. ఓడిస్తే మన మాట వింటాయి, ఓడిపోతే అక్కడితో ఆఖరు. ఆ రోజు ఏం జరగబోతోందో ముందే చెప్పే మెయిలు కూడా అందులోకే వస్తుంది. ఒక హత్య, ఒక పేలుడు, ఊరంతా కరెంటు పోవడం. అన్నీ చెప్పినట్టే జరుగుతాయి. ఆ రాత్రే సైన్యం వచ్చి యమనోతె లైను లోపలి భాగమంతా మూసేస్తుంది. లోపలున్నవాళ్ళు లోపలే.

యమనోతె అంటే నీకు చెప్పాను కదా, టోక్యో నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు. చుట్టు మొత్తం ముప్పై నాలుగున్నర కిలోమీటర్లు, ఒక రౌండు తిరగడానికి గంట పడుతుంది. మా ఇల్లు నిషి-కసాయిలో, ఆ వలయానికి బయట. ఆఫీసు లోపల. ఈ గేము మొదలుపెట్టాక పొద్దున్నే తోజాయ్ లైన్లో కూర్చుని లోపలికి వెళ్తుంటే ఒక ఆలోచన వస్తుంది బావా. ఇవాళ ఇక్కడ గేట్లు మూసేస్తే నేనొక పక్క, మీ చెల్లెలూ పిల్లాడూ ఇంకో పక్క. గేములో జనం సరిగ్గా అలాగే ఇరుక్కుంటారు. తిండి అయిపోతుంది, ఫోన్లు పనిచెయ్యవు, ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలవుతుంది. దయ్యాలకంటే ముందు మనుషులే భయపెడతారు.

ఇంకోటుంది. హీరోకి మాత్రం ఎదుటివాళ్ళ తల మీద ఒక అంకె కనిపిస్తుంది. ఇంకా ఎన్ని రోజులు బతుకుతారో చెప్పే అంకె. మొదటి రోజు తన తల మీద సున్నా. ఇవాళే. ఏదోలా ఆ రోజు గండం గడిచి అంకె మారిందనుకునేలోపు, వీధిలో వెళ్ళే జనాన్ని చూస్తే అందరి తలల మీదా ఒకటే అంకె. అందరూ ఒకే రోజు పోతారన్నమాట. నేను డీఎస్ మూసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఇక ఆట సంగతి. నీకు చదరంగం పిచ్చి కాబట్టి ఇది నీకు చక్కగా ఎక్కుతుంది. పైనుంచి చూస్తే గళ్ళ బల్ల. మన వైపు నాలుగు జట్లు, ఒక్కో జట్టులో ఒక మనిషి, వాడి వెనక రెండు దయ్యాలు. జట్టుని గడి మీద జరిపి శత్రువు పక్కకి తీసుకెళ్ళి కొడితే, అప్పుడు తెర మారి ముగ్గురూ ముగ్గురూ ఎదురెదురుగా నిలబడతారు. ఒక్కొక్కరికి ఒక్క దెబ్బ. ఎదుటివాడు మంటకి తట్టుకోలేడని తెలిసి మంటతో కొట్టావనుకో, నీకు ఇంకో దెబ్బ దొరుకుతుంది, వాడికి దొరకాల్సింది పోతుంది. అంటే ఒక్క ముట్టడిలో మూడు దెబ్బలు ఆరవుతాయి. దయ్యాల జాతిని బట్టి జట్టు నడక కూడా మారుతుంది. పక్షి జాతి వెంట ఉంటే గోడల మీదుగా ఎగిరి పోవచ్చు, మృగాల జాతి ఉంటే ఎక్కువ గళ్ళు నడవచ్చు. నువ్వు గుర్రాన్ని పట్టుకుని బల్ల ఆ చివరినుంచి ఈ చివరికి దూకించేవాడివి చూడు, ఆ ఆనందం ఇందులో ఉంది.

నాకు బాగా నచ్చింది విద్య కొట్టెయ్యడం. యుద్ధానికి ముందే చెప్పాలి, ఫలానా జట్టు ఫలానా శత్రువు దగ్గరున్న ఫలానా విద్య తీసుకుంటుందని. చెప్పిన జట్టే వాణ్ణి పడగొట్టాలి. పక్క జట్టు పొరపాటున పడగొడితే ఆ విద్య పోయినట్టే. దాంతో ప్రతి యుద్ధం రెండు యుద్ధాలవుతుంది. గెలవాలి, అనుకున్నవాడి చేతే గెలవాలి. కొత్త దయ్యాలు కావాలంటే వేలంపాట ఉంది. మనం పాడుతుంటే ఎవరో పైకి పాడతారు, టైము అయిపోతుంటుంది, చేతులు చెమటలు పడతాయి. రెండు దయ్యాల్ని కలిపి ఇంకో దయ్యాన్ని చేసుకోవచ్చు. అందులో పడితే రెండు గంటలు ఎటు పోయాయో తెలీదు.

కొన్ని వారాల కింద బెల్డర్ అనేవాడి దగ్గర ఆగిపోయాను. ఉత్తర ఐరోపా పురాణాల్లో బాల్డర్ అని ఒక దేవుడున్నాడు. కొడుక్కి ఏమీ కాకూడదని వాళ్ళమ్మ లోకంలో ఉన్న ప్రతి వస్తువు చేతా ఒట్టు వేయించుకుంది. ఒక్క బదనికని మాత్రం వదిలేసింది. మన మామిడి చెట్ల కొమ్మలకి పట్టి పెరుగుతుంది చూడు, ఆ జాతి మొక్క. చివరికి దాంతోనే పోయాడు ఆయన. హిరణ్యకశిపుడు ఎన్ని వరాలడిగినా ఒక సందు మిగిలిపోయినట్టే. గేములో బెల్డర్‌కి కూడా అదే మందు. బదనికతో చేసిన ఫోను తాడు ఒకటి దొరుకుతుంది, అది హీరో దగ్గరే ఉంటుంది. హీరో మామూలు చేతి దెబ్బ ఒక్కటే వాడికి తగులుతుంది, మిగతావాళ్ళు ఎంత కొట్టినా గీత కూడా పడదు. నేనేం చేశానంటే, స్థాయి పెరిగినప్పుడల్లా వచ్చే పాయింటు మొత్తం మంత్రబలానికే పెట్టుకుంటూ వచ్చాను. చేతిలో బలం లేదు. రెండు ఆదివారాలు పోయాయి. మిగతా మూడు జట్లని వాడి అనుచరుల మీదకి పంపి, హీరోని బతికించుకుంటూ, గోరంత గోరంత గీకి గీకి మూడో ఆదివారం పడగొట్టాను. అరిచిన అరుపుకి పిల్లాడు నిద్ర లేచాడు. నువ్వు ఆడేటప్పుడు మొదటినుంచే కొంచెం బలానికి పెట్టుకో.

కానీ బావా, నేను రాయడానికి కూర్చున్నది బెల్డర్ గురించి కాదు.

ఈ గేములో టైము ఉంటుంది. ఏడు రోజులు. గడియారం బొమ్మ ఉన్న ఏ పని చేసినా అరగంట ఖర్చు. ఒకరి దగ్గరికి వెళ్ళి మాట్లాడితే అరగంట. ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఇంకో అరగంట. అందరి దగ్గరికీ వెళ్ళలేం. మన సెంటర్లో వీడియో గేమ్ షాపు గుర్తుందా? అరగంటకి ఐదు రూపాయలు. కాంట్రా ఆడుతూ ఆఖరి మెట్టు దాకా వచ్చేసరికి అన్న స్విచ్ కట్టేసేవాడు. జేబులో ఇంకో ఐదు ఉంటే మారియోకా కాంట్రాకా అని మనిద్దరం షాపు గుమ్మంలో నిలబడి వాదించుకునేవాళ్ళం. అప్పుడు ఒక అరగంట ఎంత విలువో మనకి బాగా తెలుసు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ లెక్క తెలిసొచ్చింది. కాకపోతే ఈసారి అరగంటల్ని మనుషులకి పంచాలి.

కేసుకె అని ఒక కుర్రాడు ఉన్నాడు. అత్సురోకి పాత స్నేహితుడు. కళ్ళద్దాలు, నెమ్మది మాట, తప్పు చూస్తే ఓర్చుకోలేడు. మిడోరి అని హీరోయిన్ వేషం వేసుకుని అందర్నీ కాపాడతానని తిరిగే పిల్ల ఉంటుంది, ఆమెకి ఏమీ కాకుండా వెంట ఉంటాడు. రోజులు గడిచేకొద్దీ మనుషులు మనుషుల్ని ఎలా పీక్కుతింటున్నారో చూసి వాడి మనసు విరిగిపోతుంది. చివరికి వాడికి దొరికే దయ్యం ఎవరో తెలుసా? యముడు. మన యముడే. ఇక తప్పు చేసినవాళ్ళకి తీర్పు తనే చెప్తానంటాడు, శిక్ష తనే వేస్తానంటాడు. చిత్రగుప్తుడి చిట్టా లేదు, మళ్ళీ ఆలోచించడం లేదు. తప్పంటే చావే.

వాడు మారుతున్నాడని నాకు కనిపిస్తూనే ఉంది. కానీ కథలో వేరే ఆసక్తి ఉండి, హారు అనే పాటగత్తె దగ్గరికి, జిన్ అనే బారు యజమాని దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ కథ ముందుకి నడిస్తే దయ్యాల గుట్టు తెలుస్తుందని. కేసుకె దగ్గరికి తర్వాత వెళ్దాంలే అనుకున్నా. ఆ తర్వాత రాలేదు. రౌడీ మూక నాయకుడు కైడోకి ఎదురుపడి కేసుకె చచ్చిపోయాడు. అత్సురో ఏడుస్తుంటే స్క్రీను మీద మాటలు ముందుకి నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు.

నీకు చెప్పకుండా ఉండలేను. నాకు మన ఇంటరు రోజులు గుర్తొచ్చాయి. మన బెంచిలో కూర్చునేవాడు, రెండో సంవత్సరం మధ్యలో కాలేజీ మానేశాడు చూడు. పేరు రాయను, నీకు తెలుసు. వాడు కూడా అలాగే ముందు అందరి మీదా కోపం తెచ్చుకున్నాడు, తర్వాత మాట్లాడ్డం మానేశాడు. మనం ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకున్నాం. వాళ్ళు ఊరు మారిపోయాక తెలిసింది. ఆ ఆదివారం గురించి మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పోయిన శనివారం నేను ఒక గుడికి వెళ్ళాను. బుంక్యో వార్డులో గెన్‌కాకు-జి అని ఉంది. బౌద్ధంతో పాటు మన యముడు ఇక్కడికి వచ్చి ఎమ్మా అయ్యాడు. ఈ గుళ్ళో ఎమ్మాని కొన్యాకు ఎమ్మా అంటారు. కొన్యాకు అంటే మన కంద జాతి దుంపతో చేసే జిగురు ముద్ద, ఇక్కడ కూరల్లో వేస్తారు. కథ ఏంటంటే, ఒక ముసలావిడ చూపు పోతోందని ఆ స్వామికి మొక్కుకుందట. ఆయన తన కన్ను ఒకటి ఆమెకి ఇచ్చేశాడట. ఆమె తనకి ఎంతో ఇష్టమైన కొన్యాకు తినడం మానేసి ఆయనకే పెట్టిందట. విగ్రహానికి ఒక కన్ను నిజంగానే పాడై ఉంటుంది. జనం ఇప్పటికీ గుళ్ళో కొన్యాకు పొట్లాలు పెట్టి వెళ్తున్నారు.

మన శ్రీకాళహస్తిలో తిన్నడు దేవుడికి కన్ను ఇచ్చాడు. ఇక్కడ తీర్పు చెప్పే దేవుడే ఒక ముసలమ్మకి కన్ను ఇచ్చాడు. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను బావా. కేసుకె ఉన్నది ఈ ఊరి కథలోనే, వాడికి దొరికింది ఈ యముడే. కానీ ఈ యముడికి ఉన్న ఈ సగం కథ వాడికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పాల్సింది హీరో, అంటే నేనే. గేము మనకి హీరో పేరు పెట్టుకోమనేది ఇందుకేనేమో.

ఆ రాత్రే మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మొదటిసారి కథ ముగింపు చెప్పలేదు కదూ. ఈ గేములో ముగింపులు చాలా ఉన్నాయి. ఎవరి మాట వింటే వాళ్ళ దారి. నేను యుజు మాట విని ఊరు దాటి పారిపోయే దారి పట్టాను. ఆ పిల్ల మొదటిరోజునుంచీ ఇంటికి పోదామనే అడుగుతుంది, ఆ గొంతుని కాదనలేకపోయా. బయటపడ్డాం. కానీ లోపలి గొడవ మాతో పాటు బయటి లోకానికి కూడా వచ్చి పడింది. ఆ ముగింపు చూసి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి చేతి బలానికి పాయింట్లు పెట్టుకున్నాను, బెల్డర్ రెండో ప్రయత్నంలోనే పడ్డాడు. మిడోరితో, కైడోతో మాట్లాడాల్సినవన్నీ టైముకి మాట్లాడాను. హారు కథలో రెండు సంగతులు వదులుకోవాల్సి వచ్చింది, వదులుకున్నాను. నిన్న రాత్రి పన్నెండున్నరకి కేసుకె బతికాడు.

వచ్చే నెల మా ఆఫీసులో ఒకాయన విజయవాడ వస్తున్నాడు. డీఎస్, గేము, ఛార్జరు మూడూ ఆయన చేతికిచ్చి పంపుతున్నా. ఇక్కడి కరెంటు వంద వోల్టులు, ఆ ఛార్జరు మనింట్లో నేరుగా పెట్టకు, ముందు కన్వర్టరు కొనుక్కో. సేవ్ చేసింది అలాగే ఉంచాను, నువ్వు కొత్తగా మొదలుపెట్టే ముందు ఒక్కసారి తెరిచి చూడు, కేసుకె కనిపిస్తాడు.

ఇంకోటి. మన బెంచి వాడి చెల్లెలు తెనాలిలో టీచరుగా చేస్తోందని మీ బాబాయి ఒకసారి అన్నాడు కదా. నంబరు సంపాదించగలవా? సంక్రాంతికి నేను వస్తున్నాను. ఇద్దరం కలిసి వెళ్దాం.

అమ్మని అడిగానని చెప్పు.

నీ బావ