మసేదో గీతేదో తేల్చాకే దూది పట్టించండి: సంస్కృతి శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

విజయనగర కాలపు గుళ్ల కప్పు చిత్రాల గురించి ఇది నాలుగో వినతి. మొదటి మూడింటికీ వచ్చిన జవాబు ఒకటే: ‘పరిశీలనలో ఉంది’. మేమూ పరిశీలించమనే అడుగుతున్నాం, కాకపోతే ఫైలును కాదు, కప్పును.

శుభ్రం చేసే పని మొదలుపెట్టక ముందే కళాచరిత్రకారుడూ రసాయన నిపుణుడూ కలిసి పరంజా ఎక్కుతారని మాటిచ్చారు. జరుగుతున్నది వేరు. పనంతా అయ్యాక చరిత్రకారుడికి ఫొటోలు పంపుతున్నారు. మిగిలినదాన్ని చూసి ఆయన వ్యాసం రాసుకోవాలి కాబోలు.

లేపాక్షి నాట్యమండపం కప్పు మీది చీరలు చూడండి. గళ్లు, చారలు, పూలు, అంచులు, వాటి చుట్టూ సన్నని నల్లగీత. గచ్చు ఆరాక వేసిన చోట ఆ గీతను పట్టి ఉంచేది జిగురొక్కటే. దీపాల మసీ కార్బనే, ఆ నలుపూ కార్బనే. అమ్మోనియా నీళ్లలో ముంచిన దూది నూనె జిడ్డునూ మెత్తబరుస్తుంది, కింది జిగురునూ మెత్తబరుస్తుంది. దూది నల్లబడగానే మసి వదిలిందనుకుంటారు. వదిలింది చీర అంచు కావచ్చు! పక్క బొమ్మల చీరలను బట్టి ఇక్కడ గీత ఉండి తీరాలని చెప్పగలిగేది చరిత్రకారుడు. ఆ గీత మీద మసి ఎంత మందాన ఉందో, మధ్యలో పాత పూత ఏదైనా ఉందో చెప్పగలిగేది నిపుణుడు. రాలిన అంచు నుంచి గుండుసూది తలంత పెచ్చు తీసి, గట్టిపడే రెసిన్ జిగురులో పొదిగి, అడ్డంగా అరగదీస్తే మైక్రోస్కోపు కింద పొరలన్నీ వరసగా కనిపిస్తాయి. ఎక్కడి పెచ్చు తీయాలో మాత్రం ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంది కదా అంటారు. అది కార్బన్ నలుపును చూపిస్తుంది, రంగులు నింపక ముందు ఎర్రమట్టితో వేసిన తొలి గీతను దాదాపు చూపించదు. పక్కన చెప్పేవాళ్లు లేకపోతే, తొలి గీతే లేదని చరిత్రకారుడు రాసేస్తాడు. రంగులో ఏ మూలకాలున్నాయో చూపే ఎక్స్‌రే ఫ్లోరసెన్సూ అంతే. టైటానియం తెలుపు 20వ శతాబ్దపు రంగు కాబట్టి, తెల్లని చోట టైటానియం బలంగా కనిపిస్తే ఆ తర్వాతెవరో దిద్దారని అనుమానించాలి, కానీ మట్టిరంగుల్లో అది కొద్దిగా ఎలాగూ ఉంటుంది.

అజంతాలో 1920లో నిజాం ప్రభుత్వం రప్పించిన ఇటలీ నిపుణులు పెచ్చులూడకుండా లక్క పూశారు. ఆ లక్కే పచ్చబడి రంగులను మరుగుపరిచింది. తర్వాతివాళ్లకు దాన్ని తీయడమే పెద్ద పనైంది.

అందుకే అయ్యా, ముందు ఏటవాలు వెలుతురులోనూ అల్ట్రావయొలెట్‌లోనూ ఫొటోలు తీయించండి. లక్క ఉంటే నారింజ రంగులో మెరుస్తుంది. తర్వాత అరచేతి మేర చోట మాత్రమే శుభ్రం చేసి పరీక్ష, దాని ఫలితం మీద ఇద్దరి సంతకాలు. అవి లేనిదే మిగతా కప్పుకు దూది ముట్టనివ్వకండి. ఇదే మాట కిందటి మూడు వినతుల్లోనూ ఉంది.

వానలు పడితే కప్పు రాళ్ల సందుల్లోంచి నీరు దిగుతుంది, లవణాలు పొంగి రంగును పైకి నెడతాయి. అప్పుడు హడావుడిగా మళ్లీ పరంజా కడతారు. చరిత్రకారుడి దారి ఖర్చులు ఆ అంచనాలోనే చేర్పించండి, దయచేసి.

ఇట్లు,
నాలుగోసారి రాస్తున్నవాళ్లు