లెక్కల నోటు పుస్తకంలో పిల్లల మాటలకు చోటేది?

సంపాదకుల వారికి,

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతూ ఉద్యోగ విరమణ చేసిన నేను, తనిఖీకి వచ్చే అధికారులు లెక్కల నోటు పుస్తకాల్లో ఏం చూస్తారో దగ్గరుండి గమనించాను. అభ్యాసాలన్నీ పూర్తయ్యాయా, ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో సంతకం, తేదీ ఉన్నాయా అన్నవే వారి ప్రశ్నలు. విద్యార్థి తన మాటల్లో రాసుకున్న వాక్యం ఒక్కటైనా ఉందా అని అడిగినవారు నాకు తారసపడలేదు. అందుకే నల్లబల్ల మీది లెక్కను కొట్టివేత లేకుండా దించుకున్న పుస్తకమే మంచి పుస్తకంగా చెలామణి అవుతోంది.

టిక్కు ఎంత మోసం చేయగలదో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. 0.4, 0.35లలో ఏది పెద్దదని అడిగితే కొందరు పిల్లలు 4 కంటే 35 పెద్దది కాబట్టి 0.35 అంటారు, ఆ తప్పు పైకే కనిపిస్తుంది. మరికొందరు 0.4 అని సరిగ్గానే వేస్తారు గానీ, ఎందుకో రాయమంటే ‘బిందువు తర్వాత అంకెలు తక్కువ ఉన్నదే పెద్దది’ అని రాస్తారు. వందో వంతు కంటే పదో వంతు పెద్దదన్న నిజాన్ని సగమే పట్టుకుని వారు కట్టుకున్న సూత్రమది. వారినే 0.4, 0.75లను పోల్చమంటే మళ్లీ 0.4 అనే అంటారు. జవాబు మాత్రమే ఉన్న పేజీలో వీరికి టిక్కు పడుతుంది, ఆ సూత్రం పై తరగతికి వారి వెంటే వెళుతుంది.

రాయడం వల్ల పిల్లలకు కలిగే మేలు ఇంకా ఎక్కువ. 1/2కి 1/3 కలపమంటే లవానికి లవం, హారానికి హారం కలిపి 2/5 వేసిన విద్యార్థికి క.సా.గు. పద్ధతిని మరోసారి అప్పగించడం కంటే, వచ్చిన జవాబు మొదట ఉన్న సగం కంటే ఎక్కువో తక్కువో రెండు వాక్యాల్లో రాయమనడం నయం. 2/5 సగానికి తక్కువ. కలిపితే తగ్గడమేమిటని తన చేతిరాతలో తానే ప్రశ్న వేసుకున్న పిల్లవాడు ఆ తప్పును అంత సులువుగా మళ్లీ చేయడు. అయితే ఆ 2/5ను రబ్బరుతో చెరపనివ్వకూడదు; దాని మీద ఒక గీత గీసి, పక్కన కారణం రాయించాలి. కాగితం ఖరీదు భరించలేని రామానుజన్ పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితాన్ని మాత్రమే నోటు పుస్తకంలోకి ఎక్కించేవారు. ఆ ఫలితాలకు నిరూపణలు సమకూర్చిన అమెరికా గణిత శాస్త్రవేత్త బ్రూస్ బెర్న్ట్ సంపుటాలు ఐదూ వెలువడడానికి 1985 నుంచి 1998 దాకా పట్టింది. కాగితానికి కరువు లేని ఈ రోజుల్లో పిల్లల చేత ఆ పలకను మనమెందుకు తుడిపిస్తున్నాం?

తరగతిలోని పుస్తకాలన్నీ రోజూ చదవడం కుదరదన్న అభ్యంతరం న్యాయమైనదే. వారానికి రెండుసార్లు, పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో, ఒకే ప్రశ్న ఇస్తే చాలు. ఒకే రకం పొరపాటు ఉన్న పుస్తకాలను ఒక దొంతరగా పేర్చుకుంటే, మర్నాటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ దొంతరలే చెబుతాయి. రాతలో వెనుకబడిన పిల్లలు ఇంటి మాటల్లో రాసినా, బొమ్మ గీసి చూపినా ఒప్పుకోవాలి. అక్షర దోషాలు దిద్దే పని ఆ పేజీలో పెట్టుకోకూడదు. మార్కులు అసలే వేయకూడదు. వేసిన మరుక్షణం పిల్లలు తమకు తోచింది మాని, ఉపాధ్యాయుడికి నచ్చేది రాస్తారు. నేనీ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను.

తనిఖీ పత్రంలో ‘నోటు పుస్తకాలు దిద్దారా’ అన్న గడి పక్కనే, ‘విద్యార్థుల సొంత వివరణలు చదివి పాఠంలో ఏం మార్చారు’ అన్న మరో గడి చేర్చాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను. అభ్యాసంలో రెండు లెక్కలు తగ్గినా, పేజీలో కొట్టివేతలు కనిపించినా ఉపాధ్యాయుణ్ణి సంజాయిషీ అడగవద్దని కూడా నా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు