నలభైసార్లకు ఒకసారి ఫెయిలయ్యే టెస్టు

హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. రాత్రి నీ ఫోన్ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. "అందరికీ డెవలప్‌మెంట్ ఇచ్చారు, నన్ను మాత్రం ఫైల్ సిస్టమ్ టెస్టింగ్‌లో వేశారు" అని, డిస్క్ మీద ఫైళ్లను సర్దిపెట్టే ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడమే పనని బాధపడ్డావు. ఆ సంగతి నువ్వు ఇంటికొచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఫోన్ పెట్టేసే ముందు మామూలుగా ఇంకో మాట అన్నావే, అది నన్ను పట్టుకుంది. జెనరిక్ 475 అనే టెస్టు అప్పుడప్పుడు ఫెయిలవుతోందని, మళ్లీ నడిపితే పాసవుతోందని, అందుకని స్కిప్ లిస్టులో, అంటే నడపకుండా వదిలేసే టెస్టుల జాబితాలో పెట్టెయ్యమన్నారని. ఇంకా పెట్టకపోతే ఆగు. పెట్టేసి ఉంటే బయటికి తియ్యి.

ఆ టెస్టు ఏం చేస్తుందో స్క్రిప్టు తెరిచి చూశావా? ఎఫ్‌ఎస్‌స్ట్రెస్ అనే ప్రోగ్రాం ఒక పక్క ఫైళ్లు సృష్టిస్తూ, చెరిపేస్తూ, పేర్లు మారుస్తూ ఉంటుంది. ఆ పని మధ్యలో కింద ఉన్న డిస్క్‌ను లాగేసినట్టు చేస్తారు. ఫైల్ సిస్టమ్‌కూ డిస్క్‌కూ మధ్య ఉండే డివైస్ మ్యాపర్ అక్కడి నుంచి ప్రతి రాతకీ ఎర్రర్ తిప్పికొడుతుంది. తర్వాత డిస్క్‌ను మళ్లీ ఇచ్చి మౌంట్ చేసి, జర్నల్ నుంచి, అంటే చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే చోటి నుంచి, ఫైల్ సిస్టమ్ కోలుకుంటుందా లేదా అని చూస్తారు. ఇలా మళ్లీ మళ్లీ. డిస్క్ పోయే క్షణం ఏ రెండుసార్లూ ఒకటి కాదు. కాబట్టి నువ్వు మళ్లీ నడిపినప్పుడు పాసయింది అదే పరీక్ష కాదమ్మా, వేరే ప్రశ్నపత్రం. మొదటి పత్రంలో తప్పిన ప్రశ్న అలాగే ఉంది.

తెనాలిలో తాతయ్య ఎరువుల కొట్టు నీకు గుర్తుందో లేదో. కొట్లోకి కంప్యూటర్ కొన్న మొదటి వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక రైతుల బాకీల ఫైల్ తెరిస్తే సున్నా బైట్లు. ఆ ప్రోగ్రాం పాత ఫైల్‌ను ఖాళీ చేసి కొత్తది రాసేది. ఖాళీ చేసిన సంగతి డిస్క్ మీదికి చేరింది, కొత్త లెక్కలు ఇంకా మెమరీలోనే ఉన్నాయి. తాతయ్య కంగారు పడలేదు. ఆయన ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో రాసేవారు, రాత్రికి తీరిగ్గా ఆవర్జాకు, అంటే ఖాతాల పుస్తకానికి ఎక్కించేవారు. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. చిట్టా ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుని బాకీలన్నీ తిరిగి రాశారు. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ జర్నల్ గురించి చదివిన రోజున నాకు మొదట గుర్తొచ్చింది ఆ చిట్టానే. ముందు చిట్టా, తర్వాత ఆవర్జా. ఈ వరస ఒక్కచోట తప్పినా కరెంటు పోయిన రోజున బయటపడుతుంది, అంతవరకూ ఎవరికీ తెలియదు. మన పని ఆ కరెంటు పోయే రోజును ముందే తెప్పించడం.

దానికి ఇప్పుడు మంచి పనిముట్లు ఉన్నాయి. డీఎం లాగ్ రైట్స్ అనేది 2015లో లినక్స్ 4.1లోకి వచ్చింది. డిస్క్‌కు వెళ్లే ప్రతి రాతనూ, ఎక్కడెక్కడ ఫ్లష్ (రాసినదంతా డిస్క్ మీదికి చేర్చెయ్యమని) అడిగారో కూడా వరసగా నమోదు చేస్తుంది. ఆ వరసను మొదటి నుంచి తిరిగి నడిపిస్తూ నీకు కావలసిన చోట ఆపి, సరిగ్గా అక్కడే కరెంటు పోయిందనుకుని ఫైల్ సిస్టమ్ చెక్ చేసుకోవచ్చు. అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు. మీ టీమ్‌లో అది వాడుతున్నారో లేదో కనుక్కో. వాడకపోతే నువ్వే మొదలుపెట్టు.

2018 అక్టోబరులో లినక్స్ 4.19 వచ్చింది. కొన్ని వారాలకే కొందరి మెషీన్లలో ఫైళ్లు పాడయ్యాయి. ఎర్రర్లన్నీ ఈఎక్స్‌టీ4 పేరు మీద వస్తుంటే అందరూ దాన్నే అనుమానించారు. దాన్ని చూసుకునే టెడ్ త్సో ఎంత ప్రయత్నించినా తన దగ్గర ఆ తప్పు రాలేదు. డిసెంబరులో బ్లాక్ లేయర్‌ను చూసుకునే జెన్స్ ఆక్స్‌బో సరిచేసేసరికి తేలింది ఏమిటంటే, తప్పు ఈఎక్స్‌టీ4ది కానే కాదు, దాని కిందుండి అభ్యర్థనలను డిస్క్‌కు చేరవేసే ఆ బ్లాక్ లేయర్‌దే. ఏ అభ్యర్థన ముందు వెళ్లాలో నిర్ణయించే ఐఓ షెడ్యూలర్ లేకుండా నడిచేటప్పుడు డిస్క్ బిజీగా ఉందని ఒక అభ్యర్థన వెనక్కి వస్తే, అందులో ఏ డేటా ఉందో చెప్పే జాబితా అప్పటికే తయారై ఉండేది. తర్వాత దానికి పక్క అభ్యర్థనను కలిపేవారు, జాబితా మాత్రం పాతదే. కొట్టు దగ్గర గేటు మూసి ఉందని లారీ వెనక్కి వెళ్లి, ఇంకో పది బస్తాలు ఎక్కించుకుని, పాత వే బిల్లుతోనే వచ్చినట్టు. బిల్లులో ఉన్నంతే దింపుతారు, ఆ పది బస్తాలూ ఏమైనట్టు? డిస్క్ తీరిగ్గా ఉన్న మెషీన్‌లో వెయ్యిసార్లు నడిపినా ఈ తప్పు కనబడదు. అందుకే నీ టెస్టులు ఏ షెడ్యూలర్ మీద, ఎంత బరువు మీద నడుస్తున్నాయో నీకు నోటికి రావాలి.

ఇక నీ 475. నలభైసార్లలో ఒకసారి ఫెయిలవుతోందని అన్నావు. డెవలపర్ ప్యాచ్ ఇచ్చాడు, నువ్వు పదిసార్లు నడిపావు, పదీ పాసయ్యాయి అనుకో. తప్పు పోయినట్టేనా? లెక్క వేసి చూడు. ఏమీ సరిచేయకపోయినా వరసగా పదిసార్లు పాసయ్యే అవకాశం నూటికి 78 ఉంది. నూటికి 95 పాళ్లు నమ్మకం కావాలంటే దాదాపు 120సార్లు నడపాలి. తప్పు ఏ మార్పుతో వచ్చిందో సగం సగం చేస్తూ వెతికే బైసెక్ట్‌లో కూడా ప్రతి మెట్టులోనూ అంతే. ఒక్క మెట్టులో తొందరపడి బాగుందన్నావా, అక్కడి నుంచి వెతుకులాటంతా తప్పుదారే. ఈ ఓపిక మనిషికి ఉండదు కాబట్టే ఆటోమేషన్. "బటన్ నొక్కడమేగా" అన్నావు చూడు, ఆ బటన్ వెనకాల ఎన్నిసార్లు నడపాలో నిర్ణయించేది నువ్వే.

సోమవారం వెళ్లగానే ఆ టెస్టును రాత్రంతా లూపులో పెట్టు. ఫెయిలైన వెంటనే ఆగిపోయేలా చూడు, లేకపోతే తర్వాతి రన్ సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. డీమెసేజ్ (కెర్నల్ సందేశాల లాగ్), కెర్నల్ వెర్షన్, ఫైల్ సిస్టమ్‌ను తయారుచేసిన ఎంకేఎఫ్‌ఎస్ ఆప్షన్లు, పాడైన డిస్క్ ఇమేజ్ అన్నీ దాచు. ఎఫ్‌ఎస్‌స్ట్రెస్ సీడ్, అంటే దాని యాదృచ్ఛిక పనుల వరసను మొదలుపెట్టే అంకె కూడా రాసుకో. కానీ దాని మీదే భారం వెయ్యకు, చాలా ప్రాసెస్‌లు కలిసి నడిచేటప్పుడు సీడ్ ఒకటే అయినా వరస మారిపోతుంది. స్కిప్ లిస్టు ఉండకూడదని నేను అనను, కానీ అందులో ప్రతి టెస్టు పక్కనా ఎందుకు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఎవరు చూస్తున్నారో ఉండాలి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నీ వయసులో నేనూ ఒక బగ్‌ను "రీరన్‌లో పాస్" అని రాసి మూసేశాను. ఎవరూ ఏమనలేదు, రిలీజ్ టెన్షన్‌లో అందరికీ అదే కావాలి. మూడు నెలల తర్వాత ఒక చిన్న ఆసుపత్రిలో యూపీఎస్ చెడిపోయి సర్వర్ ఆగింది. లేచాక ఆ రోజు స్కాన్ ఫైళ్ల ఫోల్డర్ ఖాళీ. పేషెంట్లను మళ్లీ పిలిచి స్కాన్లు తీయించారని విన్నాను. లాగ్ తెప్పించి చూస్తే అదే ఎర్రర్ లైను, నేను మూసేసిన బగ్‌లోనిదే. ఆ లైను నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

మీ లీడ్‌తో గొడవ పడకు. రాత్రంతా నడిచాక ఎన్నిసార్లకు ఎన్ని ఫెయిలయ్యాయో ఆ అంకె ఆయన ముందు పెట్టు. మీ ఆఫీసు లాగులు నాకు పంపకు, అది పద్ధతి కాదు. ఎక్కడైనా తోచకపోతే మంగళవారం రాత్రి ఫోన్ చెయ్యి, తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మ