డెమో గదిలో వినిపించింది, మీ హాలులో వినిపించేది: టవర్ స్పీకర్ల అమ్మకంలో మేము చేసుకున్న మార్పు

నల్లగొండలోని మా దుకాణంలో స్పీకర్లు కొన్నవారికీ, కొనాలని ఆలోచిస్తున్నవారికీ నమస్కారం. జత ధర లక్ష రూపాయలు దాటే టవర్ స్పీకర్లను (నేల మీద నిలబెట్టే పొడవాటి పెట్టెలను) ఇకపై మీ ఇంట్లో కనీసం నాలుగు రోజులు మోగించిన తరువాతనే అమ్మాలని నిర్ణయించుకున్నాము. ఈ నిర్ణయానికి దారితీసిన పొరపాటు మాదే కనుక దానిని దాచకుండా చెప్పడం నా బాధ్యత.

నిరుడు ఎండాకాలంలో మిర్యాలగూడ నుంచి వచ్చిన దంపతులు, కొత్తగా కట్టుకున్న ఇంటి కోసం దాదాపు నాలుగు లక్షల రూపాయల జతను ఎంచుకున్నారు. నాలుగడుగుల ఎత్తున్న ఒక్కొక్క పెట్టెలో కింది స్వరాలను పలికే ఎనిమిది అంగుళాల ఊఫర్లు రెండేసి ఉంటాయి. మా డెమో గదిలో రెండు గంటలు కూర్చొని కర్ణాటక సంగీతం, ఒగ్గుడోలు, పాత సినిమా పాటలు విని తృప్తిపడిన తరువాతే డబ్బు చెల్లించారు. వారం తిరగకముందే ఆయన ఫోన్ చేసి, "అన్నా, షాపుల విన్న పాట గిది కాదు గదా" అన్నారు. వెళ్లి విన్నాను, ఆయన అన్నది నిజం. డోలు మీద పడే ఒక్కో దెబ్బ విడిగా వినిపించాల్సింది పోయి, అన్నీ కలిసి ఒకే గుమ్మనే మోతగా సాగుతున్నాయి. గాయని గొంతు ఆ మోతలో మునిగిపోతున్నది, తాళాల చప్పుడు మాత్రం గోడలకు తగిలి గింగురుమంటున్నది.

స్పీకర్లలో ఏ లోపమూ లేదు. ఆ హాలు పొడవు 12 అడుగులు, వెడల్పు కూడా 12 అడుగులే. పైన స్లాబు, కింద గ్రానైటు, ఒక గోడ నిండా అద్దాల కిటికీలు. మా డెమో గది అంతకంటే పెద్దది. అందులో మందమైన తివాచీ, మూడు వైపులా బరువైన పరదాలు ఉండేవి. నేను ఏళ్ల తరబడి ఆ గదిలో వినిపించి అమ్మాను, కొన్నవారి గది కొలతలు మాత్రం అడగలేదు. టవర్ జత మీద మాకు మిగిలే లాభం, స్టాండు మీద పెట్టే చిన్న బుక్‌షెల్ఫ్ జత మీద మిగిలేదానికంటే ఎక్కువని కూడా ఇక్కడే చెప్పాలి. ఆ లాభమే నన్ను అడగనివ్వలేదేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

గది చేసే పనిని లెక్క కట్టడం కష్టం కాదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1,130 అడుగులు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య ఉన్న దూరానికి రెండింతల పొడవు గల తరంగం ఆ గోడల నడుమ నిలిచిపోయి, ఆ ఒక్క స్వరాన్ని మిగతా వాటికంటే గట్టిగా, ఎక్కువసేపు మోగిస్తుంది. కాబట్టి 565ను (1,130లో సగం) మీ గది పొడవుతో, తరువాత వెడల్పుతో, అడుగులలో భాగించి చూడండి; గది మొదట ఏ స్వరం దగ్గర గుమ్మంటుందో హెర్ట్జ్‌లలో (సెకనుకు ఎన్ని కంపనాలో) తెలుస్తుంది. 12 అడుగులకు 47 హెర్ట్జ్ వస్తుంది. పొడవూ వెడల్పూ సమానమైతే రెండు మోతలూ అక్కడే పడి ఒకదానికొకటి బలమిస్తాయి. మిర్యాలగూడ హాలులో జరిగింది ఇదే. అదే 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న హాలులో అవి 28 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 40 దగ్గర ఒకటిగా విడిపోతాయి కనుక చెవికి అంత భారంగా ఉండవు. పెద్ద టవర్లు 30 హెర్ట్జ్ దాకా బలంగా దిగుతాయి కాబట్టి చిన్న గదిలోని ఆ మోతను నేరుగా తట్టి లేపుతాయి. ఆరున్నర అంగుళాల ఊఫరు ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకరు చాలావరకు 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే తగ్గుముఖం పడుతుంది. దానిని లోపమని అనుకుంటాము గాని, 12 అడుగుల గదిలో అదే మేలు చేస్తుంది.

వెనక్కి తీసుకున్న ఆ జతను దేవరకొండ దగ్గర మా మేనమామ గారి పెంకుటింటికి తీసుకువెళ్లి మోగించాను. కింద షాబాదు బండలే, తివాచీ లేదు, అయినా డోలు ఒక్కొక్క దెబ్బా తెగినట్టుగా వినిపించింది. కింది స్వరాలు పెంకుల సందుల నుంచి బయటికి పోతాయి. కప్పు వాలుగా ఉండటం వల్ల నేలకూ కప్పుకూ నడుమ తరంగం సూటిగా నిలవదు. సిమెంటు గోడలూ స్లాబూ ఉన్న గది ఆ శక్తిని బయటికి పోనివ్వదు. మన జిల్లాలలో ఇప్పుడు కడుతున్న ఇళ్లన్నీ దాదాపు ఇటువంటివే కనుక, విదేశీ పత్రికలలో వచ్చే సమీక్షలను చదివి స్పీకర్లు ఎంచుకునేవారు ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. అక్కడి చాలా ఇళ్లలో గోడలు చెక్క చట్రానికి బిగించిన పలుచని పలకలు, నేల మీద తివాచీ ఉంటుంది.

గదిని స్పీకరులో భాగంగా లెక్కించడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని అర్కన్సాస్ రాష్ట్రంలో ఇంజినీరు పాల్ క్లిప్ష్ 1946లో అమ్మకం మొదలుపెట్టిన పెద్ద హార్న్ (బూరలా వెడల్పయ్యే దారి ఉన్న) స్పీకరును గది మూలలోనే పెట్టాలి. ఆ రెండు గోడలే దాని హార్న్‌ను పూర్తిచేస్తాయి. 1980లలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ జరిపిన పరీక్షలలో, ఏ స్పీకరు మోగుతున్నదో తెలియకుండా విన్నవారు, ఎదురుగా అన్ని స్వరాలనూ సమంగా పలుకుతూ పక్కలకు కూడా అదే తీరులో ధ్వనిని పంపే స్పీకర్లనే ఎక్కువగా మెచ్చుకున్నారు. గ్రానైటు నేల, ఖాళీ గోడలు ఉన్న మన హాళ్లలో పక్క గోడల నుంచి తిరిగివచ్చే ధ్వని ఎక్కువ కనుక, ఈ గుణానికి నేను ఊఫర్ల సంఖ్యకంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఊఫరు నడిమధ్యలోనే, పై స్వరాలను పలికే ట్వీటరును అమర్చే కెఫ్ కంపెనీ పద్ధతి (అది 1988 నుంచి ఉంది) చిన్న హాళ్లలో బాగా పనిచేయడం నేను చాలాసార్లు విన్నాను.

స్పీకర్లకు శక్తినిచ్చే యాంప్లిఫయరు మాట కొంచెమే చెబుతాను. ఒకే ధ్వని స్థాయికి 90 డెసిబెల్ సెన్సిటివిటీ (అంతే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత) ఉన్న స్పీకరుకంటే 84 డెసిబెల్ స్పీకరుకు నాలుగు రెట్ల వాట్లు కావాలి. కరెంటుకు స్పీకరు చూపే అడ్డును ఓంలలో కొలుస్తారు, అది తగ్గితే యాంపు ఎక్కువ కరెంటు ఇవ్వాలి. 8 ఓంలు అని రాసి ఉన్న టవర్లలో కొన్ని కింది స్వరాల దగ్గర 3 ఓంలకు పడిపోతాయి. చిన్న యాంపు అక్కడ శక్తి చాలక అలసిపోయి ధ్వనిని నరికేస్తే ట్వీటరు కాలిపోవచ్చు. అందుచేత ఇంట్లో ఉన్న యాంపు పేరు, మోడల్ నంబరు తప్పక చెప్పండి.

ఇక కొత్త పద్ధతి. మొదట గది కొలతలు తీసుకుంటాము. 12 అడుగులు, అంతకు లోపు ఉన్న గదికి టవర్లు అడిగితే వద్దనే చెబుతాము, స్టాండు మీద పెట్టే బుక్‌షెల్ఫ్ జతను వినిపిస్తాము. ఆ తరువాత నిర్ణయం మీదే. పెద్ద గది అయితే ధరలో పది శాతం ధరావతుగా తీసుకొని, మా మనిషే జతను తెచ్చి, వెనుక గోడకు రెండు మూడు అడుగుల ముందుకు నిలిపి, కూర్చునే చోటుకు సరిచేసి వెళతాడు. గోడకు ఆనించి పెడితే మంచి జత కూడా గుమ్మంటుంది కనుక, ఆ స్థలం వదలలేమని ఇంట్లోవారు అంటే ముందే చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు. నచ్చకపోతే ధరావతు పూర్తిగా తిరిగి ఇస్తాము. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండలకు వారంలో ఏ రోజైనా వస్తాము. మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పదిహేను రోజులకు ఒకసారి మాత్రమే రాగలము. ఇందుకోసం మా దగ్గర ఉన్నవి రెండు జతలే, అందువల్ల కొన్నాళ్లు ఎదురుచూడవలసి రావచ్చు. దుకాణంలోని డెమో గదిలో పరదాలు తీసేశాము, తివాచీ చుట్టి పక్కన పెట్టాము. ఇప్పుడు అక్కడ వినిపించేది కొంతవరకైనా మీ హాలుకు దగ్గరగా ఉంటుంది.

మిర్యాలగూడ దంపతులకు డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాము. వారు తరువాత బుక్‌షెల్ఫ్ జత తీసుకున్నారు. వెనక్కి వచ్చిన టవర్లు దుకాణంలోనే ఉన్నాయి. పెట్టె విప్పినవి, ఎడమవైపు దాని అడుగున చిన్న గీత పడింది, అందుకే ధర పావు వంతు తగ్గించాము. కనీసం 18 అడుగుల పొడవున్న హాలుకు మాత్రమే వాటిని ఇస్తాము. చూడాలనుకునేవారు తమ గది పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపులూ కిటికీలూ ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గీసుకొని తెస్తే చాలు.