పంటి ఇంప్లాంట్ వివరాలు రోగి చేతికి ఇవ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి, 2021లో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని నేను. పంటి ఇంప్లాంట్ల (పోయిన పంటి స్థానంలో దవడ ఎముకలో బిగించే లోహపు స్క్రూల) ప్రకటన కంటబడని రోజు ఇప్పుడు మా ఊళ్ళో లేదు. పత్రికల జిల్లా పేజీల్లో, ఆటోల వెనుక, బస్టాండు గోడల మీద అవే కనిపిస్తున్నాయి. ఒక పన్నుకు ఎంత తీసుకుంటారో, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారో, వాయిదాల సౌకర్యం ఉందో లేదో వాటిలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మన దవడ ఎముకలో బిగించబోయే వస్తువు ఏ కంపెనీదో, ఏ రకానిదో, ఆ సంగతి రాతపూర్వకంగా మనకు ఇస్తారో ఇవ్వరో మాత్రం ఎక్కడా ఉండదు. ఈ ఒక్క విషయం మీదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంప్లాంట్ల మీద నాకు వ్యతిరేకత లేదు. వాటి వల్ల మేలు పొందినదాన్ని. 2016 వేసవి సెలవుల్లో పెరటి మెట్ల మీద జారిపడటంతో నా పై వరుసలోని ముందు పళ్ళు రెండూ వేర్లతో సహా చీలిపోయి, వాటిని తీసివేయవలసి వచ్చింది. బడి తెరిచే నాటికి కట్టుడు పళ్ళున్న, తీసి పెట్టుకునే ప్లేటు ఒకటి చేయించుకున్నాను గానీ, అది అంగిలిని కప్పివేయడంతో మాట ముద్దగా వచ్చేది. ఆరో తరగతి పిల్లలకు వర్ణోత్పత్తి స్థానాలు చెబుతూ, నాలుక కొన పై పళ్ళ వెనుక ఆనితే పలికేవి దంత్యాలని వివరించి, త థ ద ధ న అని పలికి చూపించవలసిన మనిషిని నేను. ఆనడానికి సొంత పళ్ళే లేని నోటితో ఆ పాఠం చెప్పడం ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుస్తుంది. పక్క పళ్ళ ఆధారంతో కట్టే బ్రిడ్జి వేయాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీయాలన్నారు. దానికి మనసొప్పక ఇంప్లాంట్లకే ఒప్పుకున్నాను. రెండింటికీ, వాటి మీద పన్నులా తొడిగే క్యాప్‌లకూ కలిపి 70,000 రూపాయలయింది. స్క్రూలు ఎముకతో కలిసిపోవడానికి దాదాపు ఆరు నెలలు ఆగి, ఆ తర్వాత క్యాప్‌లు వేశారు. పదవీ విరమణ వరకూ మళ్ళీ ఏ ఇబ్బందీ లేకుండా పాఠం చెప్పగలిగానంటే ఆ చికిత్సే కారణం. చేసిన డాక్టరుగారి చేతి పనితనాన్ని నేను ఏనాడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను.

ఇబ్బంది 2024లో వచ్చింది. అప్పటికి హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఒకనాడు జామకాయ కొరికినప్పుడు ఎడమవైపు క్యాప్ కొద్దిగా తిరిగినట్టు అనిపించింది. నాలుగు రోజుల్లో అది వేలితో కదిపితే కదిలే స్థితికి వచ్చింది. దగ్గరలోని దంతవైద్యుని వద్దకు వెళ్తే ఎక్స్‌రే తీసి, ఎముకలోని ఇంప్లాంట్ గట్టిగానే ఉందని, దానికీ క్యాప్‌కూ మధ్య ఉండే భాగాన్ని బిగించిన చిన్న స్క్రూ మాత్రమే వదులైందని చెప్పి ధైర్యం ఇచ్చారు. బిగిస్తే సరిపోతుందన్నారు. ఆ వెంటనే ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "అమ్మా, ఇది ఏ కంపెనీ ఇంప్లాంటో చెప్పగలరా?"

నా దగ్గర ఉన్నది ఒక రసీదు. దాని మీద "ఇంప్లాంట్లు 2, క్యాప్‌లు 2" అని, కింద మొత్తం రాసి ఉంది. ఇంకే వివరమూ లేదు. 2016లో చికిత్స చేసిన క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. ఊళ్ళో ఉన్న మా మరిదిని పంపి చూడమంటే, ఆ గదిలో ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం ఉందనీ, డాక్టరుగారు ఎక్కడికి వెళ్ళారో పక్కవారికీ తెలియదనీ చెప్పాడు.

కంపెనీ పేరు తెలియకపోతే ఏమవుతుందో నాకు అప్పుడే అర్థమయింది. ఇంప్లాంట్ అంటే బయటికి స్క్రూలా కనిపించే టైటానియం ముక్క. దాని లోపలి గాడి ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగా ఉంటుంది. పైభాగాన్ని బిగించే స్క్రూ తలలో పట్టే తాళంచెవి లాంటి పనిముట్టు కొన్నింటికి 1.2 మిల్లీమీటర్లయితే, మరికొన్నింటికి 1.25, ఇంకొన్నింటికి 1.27 ఉంటుంది. వెంట్రుకవాసి తేడాయే అయినా, సరిపడనిది పెట్టి తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని బయటికి తీయడమే పెద్ద పని అవుతుంది. ఎంత బలంతో బిగించాలో కూడా కంపెనీ నిర్ణయిస్తుంది. తక్కువైతే మళ్ళీ వదులవుతుంది, ఎక్కువైతే విరుగుతుంది. ఆ వైద్యుడు నా ఎక్స్‌రేను తనకు తెలిసిన మరికొందరు వైద్యులకు పంపి, ఇంప్లాంట్ ఆకారాన్ని బట్టి ఏ కంపెనీదో ఊహించే ప్రయత్నం చేశారు. నా క్యాప్ సిమెంటుతో అంటించినదని కూడా ఎక్కడా రాసి లేనందున, స్క్రూ తల ఎక్కడుంటుందో అంచనా వేసి క్యాప్‌కు వెనుక నుంచి రంధ్రం చేయవలసి వచ్చింది. మూడుసార్లు వెళ్ళిన తర్వాత, మూడో రకం తాళంచెవి సరిపోయింది. క్యాప్ పాడైనందున కొత్తది చేయించాను. కంపెనీ పేరు తెలిసి ఉంటే పావుగంటలో అయ్యే పని ఇదని ఆ వైద్యుడే అన్నారు.

ఇంప్లాంట్లు కంపెనీ నుంచి శుభ్రపరచిన సీసాల్లో, చిన్న పెట్టెల్లో వస్తాయి. ఆ పెట్టెతో పాటే మోడల్ సంఖ్య, పొడవు, వ్యాసం, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి ఇచ్చే సంఖ్య) ముద్రించిన స్టికర్లు ఉంటాయి. ఒకటి క్లినిక్ రికార్డులో అంటించడానికి, మరొకటి రోగికి ఇవ్వడానికి వీలుగా ఒలిచి అంటించే స్టికర్లే అవి. కొన్ని కంపెనీలు వాటిని అంటించుకోవడానికి కార్డు కూడా ముద్రించి ఇస్తున్నాయి. అంటే నేను కోరుతున్నదానికి కొత్తగా ఖర్చు లేదు, కొత్త యంత్రం అవసరం లేదు. చెత్తబుట్టలో పడేసే కాగితాన్ని రోగి చేతికి ఇవ్వమనే అడుగుతున్నాను.

ఈ వస్తువు ఎంతకాలం నోట్లో ఉంటుందో చూస్తే ఆ కాగితం విలువ తెలుస్తుంది. 1950లలో స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు కుందేళ్ళ ఎముకల్లో టైటానియం గొట్టాలు అమర్చి రక్తప్రసరణను పరిశీలించిన తర్వాత, వాటిని బయటికి తీయబోతే ఊడి రాలేదు. ఎముక వాటిని తనలో కలుపుకుంది. ఆ పరిశీలనే ఈ చికిత్సకు పునాది అయింది. 1965లో ఆయన గోథెన్‌బర్గ్‌లో ఒక రోగి దవడలో మొదటిసారి ఇంప్లాంట్లు అమర్చారు. ఆ రోగి 2006లో మరణించేవరకు, నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేస్తూనే ఉన్నాయి. నలభై ఏళ్ళలో ఎన్ని క్లినిక్‌లు మూతపడతాయి, ఎందరు వైద్యులు పదవీ విరమణ చేస్తారు, రోగులు ఎన్ని ఊళ్ళు మారతారు! అరెకరం పొలానికి పట్టాదారు పాసు పుస్తకం, ఇంటి ముందున్న స్కూటరుకు ఛాసిస్ నంబరుతో సహా ఆర్.సి. ఉండగా, శరీరంలో ఎముకతో కలిసిపోయి జీవితాంతం ఉండే వస్తువుకు చిన్న కార్డయినా లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తున్నది.

మన దేశంలో దీనికి పూర్వోదాహరణ ఉంది. గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గరిష్ఠ పరిమితి విధించినప్పుడు, ఆసుపత్రి బిల్లులో స్టెంట్ ధరను విడిగా చూపి, దాని బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు కూడా రాయాలని ఆదేశించింది. యూరోపియన్ యూనియన్ 2017లో చేసిన వైద్య పరికరాల నిబంధనలు శరీరంలో అమర్చే పరికరాలకు సంబంధించిన కార్డును రోగికి ఇవ్వాలంటున్నాయి. మన వైద్య పరికరాల నియమాలు కూడా 2017 నాటివే. 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. కనుక చెప్పవలసిన అధికారులు లేకపోలేదు. స్టెంటు వేసిన ఆసుపత్రికి చెప్పిన మాటనే ఇంప్లాంట్ వేసే క్లినిక్‌కూ చెప్పమని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ, కేంద్ర ఆరోగ్య శాఖనూ కోరుతున్నాను.

నేను ఈ సంగతి ప్రస్తావించినప్పుడు కొందరు, రోగులు కాగితాలు దాచుకోరు కదా అన్నారు. దాచుకోకపోవడం రోగి తప్పు అవుతుంది, ఇవ్వకపోవడం ఎవరి తప్పు? అదీగాక ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది, కార్డును ఫోటో తీసి పిల్లలకు పంపి ఉంచవచ్చు. ఇంకొక మాట చెప్పడానికి మనసు ఒప్పకపోయినా చెప్పక తప్పదు. వివరం రాసి ఇవ్వకపోతే, ఖరీదైన రకం అని డబ్బు తీసుకుని తక్కువ రకం అమర్చినా రోగికి తెలిసే దారి లేదు. అందరూ అలా చేస్తారని నేను అనడం లేదు, నిజాయితీగా పనిచేసేవారే నాకు ఎదురయ్యారు. అటువంటి వారి మీద అనుమానం పడకుండా కాపాడేది కూడా ఆ స్టికరే.

నా వంటి వాళ్ళే కాదు, సెలవులకు అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి ఇక్కడ ఇంప్లాంట్లు పెట్టించుకుని తిరిగి వెళ్ళే మనవాళ్ళకు కూడా ఇది అవసరం. అక్కడి వైద్యుడు మొదట అడిగేది ఇదే. ఏదైనా లాట్‌లో లోపం ఉందని కంపెనీయే తర్వాత గుర్తిస్తే, అవి ఎవరి నోళ్ళలో ఉన్నాయో వెతకడానికి కూడా ఆ నంబరే ఆధారం. ఎం.ఆర్.ఐ. తీసేచోట ఒంట్లో లోహం ఏదైనా ఉందా అని అడిగినప్పుడు, ఉందని చెప్పి కార్డు చూపించగలిగితే ఇటు రోగికీ అటు సిబ్బందికీ కంగారు తగ్గుతుంది.

కార్డు మీద స్టికరుతో పాటు మరికొన్ని వివరాలు ఉండాలని నా అభిప్రాయం. క్యాప్ సిమెంటుతో అంటించారా, స్క్రూతో బిగించారా అన్నది ఒకటి. క్యాప్ వేసిన రోజు తీసిన ఎక్స్‌రే ప్రతి మరొకటి. రెండోది ఎందుకంటే, సహజమైన పంటికి ఎముకకూ మధ్య సన్నని తంతువుల పొర ఉంటుంది, అన్నంలో చిన్న రాయి తగిలినా మనకు తెలిసేది దాని వల్లనే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అందువల్ల చుట్టూ చిగురు వాచి ఎముక కరిగిపోతున్నా చాలాకాలం నొప్పి తెలియదు. మొదటి రోజు ఎముక ఎంతవరకు ఉండేదో చూపించే ఎక్స్‌రే ఉంటేనే తర్వాత ఎంత తగ్గిందో వైద్యుడు పోల్చి చెప్పగలుగుతాడు. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికీ, పొగ తాగేవారికీ ఈ ముప్పు మరింత ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా వాడే కొన్ని మందులు తీసుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇవన్నీ కార్డు వెనుక తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసి ఇవ్వవచ్చు. నంబర్లు ఏ భాషలో ఉన్నా సరే, జాగ్రత్తలు మాత్రం మా అత్తగారు చదువుకోగలిగే భాషలో ఉండాలి.

మీ పత్రికను కూడా ఒకటి కోరుతున్నాను. ఇంప్లాంట్ల ప్రకటనలు తీసుకునేటప్పుడు, పరికరం వివరాల కార్డు రోగికి ఇస్తారా అన్న ఒక్క వాక్యం ప్రకటనలో చేర్చమని క్లినిక్‌లను అడగండి. ఇచ్చేవారు సంతోషంగా చేరుస్తారు. ఇవ్వనివారిని పాఠకులే అడుగుతారు. ఇప్పటికే ఇంప్లాంట్లు ఉన్న పాఠకులు, వేసిన డాక్టరుగారు అందుబాటులో ఉండగానే ఈ వారమే వెళ్ళి ఆ వివరాలు రాయించుకోవాలని మనవి.

హైదరాబాదు వైద్యుడు తనకు తెలిసినంత మేరకు నా ఇంప్లాంట్ల కంపెనీ పేరు, వ్యాసం, సరిపోయిన తాళంచెవి కొలత ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. దాన్ని లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతో పాటు సంచిలో పెట్టుకుంటున్నాను. అందులో లాట్ నంబరు అన్న చోట మాత్రం రెండింటికీ ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
తెనాలి.