సైకస్ మొక్కలు ఇక మా దగ్గర దొరకవు, మా కుక్క బంతి సంగతి కూడా ఇందులోనే

మా నర్సరీకి వచ్చే అందరికీ నమస్కారం. గేటు దగ్గర బంతి కనిపించడం లేదేమని చాలామంది అడుగుతున్నారు. సైకస్ ఎందుకు ఆపేశారని ఇంకొందరు ఫోన్ చేస్తున్నారు. రెండింటికీ జవాబు ఒకటే. బంతి చనిపోయింది. దానికి ఏడాది కూడా నిండలేదు. సైకస్ గింజలు నమిలింది.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. సైకస్ అంటే పొట్టి ఈతచెట్టులా ఉండే మొక్క. ఇళ్ల ముందు, ఫంక్షన్ హాళ్ల గేట్ల దగ్గర, లేఅవుట్ల ఎంట్రెన్సుల్లో పెడతారు. నిదానంగా పెరుగుతుంది కాబట్టి రేటు ఎక్కువ. మా కడియం, కడియపులంక వైపు అది లేని నర్సరీ కోసం వెతుక్కోవాలి. ఆకు, వేరు, దుంప, దానిలో అన్నీ విషమే. గింజల్లో మరీ ఎక్కువ. సైకసిన్ అనే పదార్థం కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది. ఒకటి రెండు గింజలు చాలు ప్రాణం పోవడానికి. ఇదంతా పశువుల డాక్టరు గారు చెబితే తెలిసింది. ఇన్నేళ్ల వ్యాపారంలో నీళ్లు ఎంత పోయాలో, ఎండ ఎంత తగలాలో చెప్పినవాళ్లే గానీ ఈ ముక్క చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఇక సరుకు పంపినాయన సంగతి. పేరు రాయను. నేను ఆర్డర్ ఇచ్చింది కుండీల్లో పెరిగిన మొక్కలకి. గింజలు వద్దని ఫోన్‌లో స్పష్టంగా చెప్పాను. మొలవడానికి నెలలు పడుతుంది, అంత ఓపిక మాకు లేదు. ఆయన కుండీలు కొన్ని తగ్గించి, ఆ లోటుకి ఒక గోనెసంచి గింజలు పడేశాడు. బిల్లులో రాయలేదు, ఫోన్ చేయలేదు. లారీ రాత్రివేళ వచ్చింది. డ్రైవరు ఆ చిరిగిన సంచిని షెడ్డు పక్కన దించి, టార్పాలిన్ కప్పేసి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి నారింజరంగు గింజలు చుట్టూ దొర్లుతున్నాయి, బంతి వాటితో ఆడుకుంటోంది. ఏది దొర్లినా దానికి ఆటే కదా.

ముందు వాంతులు. వెంటనే ఆటోలో తీసుకెళ్లాం. సెలైన్ పెట్టారు, ఇంజెక్షన్లు చేశారు. మర్నాడు లేచి తోకాడించింది, మా అమ్మాయి చేతిలో పెరుగన్నం కూడా తిన్నది. గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత చిగుళ్లు, కళ్లు పచ్చబడ్డాయి. ఈ విషం అలాగే చేస్తుందట, మధ్యలో కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుందట. కాలేయం పోయాక ఇంకేం చేయలేమన్నారు.

సరుకు పంపినాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఊరకుక్కే కదండీ, దానికింత గొడవా? మంచి జాతి పిల్లని పంపిస్తాను లెండి." ఫోన్ పెట్టేశాను. ఆ రోజే బిల్లు పైసాతో సహా కట్టేశాను. తక్కువ వచ్చిన కుండీలకి కూడా. ఇప్పుడు ఆయనేమో, కుక్క వంక పెట్టుకుని డబ్బులు ఎగ్గొట్టానని ఇక్కడి నర్సరీల వాళ్ల దగ్గర అంటున్నాడట. రసీదు మా కౌంటర్ దగ్గర గోడకి అంటించాను. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. మాది ఊరకుక్కే. అయితే?

ఉన్న మొక్కల్ని ఏం చేయాలన్నది పెద్ద టెన్షన్ అయింది. పక్క నర్సరీకి అమ్మేస్తే డబ్బు వస్తుంది, కానీ అదే మొక్క ఇంకో ఇంటి గుమ్మం ముందుకే కదా చేరేది. నిద్రపట్టక నేనూ మా తమ్ముడూ చాలా వాదించుకున్నాం. చివరికి అన్నీ తవ్వించి గొయ్యిలో పూడ్పించాను. నష్టం ఎంతని అడగొద్దు. ఒక లేఅవుట్ కాంట్రాక్టరు ఇచ్చిన అడ్వాన్సు కూడా తిరిగి ఇచ్చేశాను. ఆయన నవ్వి, రోడ్డుకి అవతల ఉన్న నర్సరీలో కొనుక్కున్నాడు. కొనుక్కోనివ్వండి.

గేటు లోపల మా నాన్న పెట్టిన పెద్ద సైకస్ మాత్రం ఉంది, ఉంటుంది. అది మగచెట్టు, గింజ కాయదు. చుట్టూ నడుమెత్తు ఇనుప మెష్ కట్టించాను. "అన్నీ తీసి దీన్నెందుకు ఉంచావు?" అని అడిగినవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. తీయను, అంతే.

మా దగ్గర సైకస్ కొన్నవాళ్లు కంగారుపడొద్దు. ఇంట్లో కుక్క గానీ, మేక గానీ, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసిపిల్లలు గానీ ఉంటే మొక్క తెచ్చివ్వండి. అదే రేటుకి అరెకా పామ్ ఇస్తాం, అది కుక్కలకి హాని చేయదు. బిల్లు లేకపోయినా ఫరవాలేదు, మా మొక్కని మేం గుర్తుపడతాం. ఉంచుకుంటామంటే చుట్టూ కంచె వేయండి, నడిమధ్యలో గింజలు కట్టడం మొదలైతే కోసి తీసేయండి. కుక్క నమిలిందని అనుమానం వస్తే వాంతులయ్యేదాకా చూడొద్దు. నమిలిన ముక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఉప్పునీళ్లు తాగించొద్దు, అది ఇంకో ప్రమాదమన్నారు.

"మరి గన్నేరు అమ్ముతున్నారుగా?" అని ఒకాయన వెటకారంగా మెసేజ్ పెట్టారు. అవునండీ, అమ్ముతాం. గన్నేరు విషమని మా వైపు బడికెళ్లే పిల్లాడికి కూడా తెలుసు. తెలిసి పెంచుకునేది వేరు, అందమని గుమ్మంలో పెట్టుకున్నది ప్రాణం తీయడం వేరు. అయినా ఈ నెల నుంచి గన్నేరు, అడీనియం, డిఫెన్‌బాకియా కుండీలన్నిటికీ ఎర్ర చీటీ కడుతున్నాం. పిల్లులున్న ఇంటికైతే లిల్లీ ఇవ్వం, వాటి కిడ్నీలు పోతాయి.

చామంతి, గులాబీ, పండ్ల మొక్కలు, ఊళ్లకి పార్శిళ్లు అన్నీ మామూలే.

కుక్కపిల్లని ఇస్తామని కొందరు ప్రేమతో అడిగారు. ఇప్పుడే వద్దండి. మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. ఎర్ర చీటీలు చూసి బేరాలు వెనక్కి పోతున్నాయని మా తమ్ముడు గొణుగుతున్నాడు. మీరొచ్చినప్పుడు మీ దగ్గరా గొణిగితే పట్టించుకోకండి, చీటీలు తీసేది లేదు.