డైట్ చీటీలో ‘రైస్’ అంటే బియ్యమా, అన్నమా?

సంపాదకుల వారికి, నమస్కారం.

మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్ మాత్రలు వాడుతున్నారు. బరువు తగ్గాలని ఈమధ్య ఇక్కడే ఒక క్లినిక్‌లో డైట్ చీటీ రాసిచ్చారు. మధ్యాహ్నం ‘రైస్ 100 గ్రా’, రాత్రికీ అంతే అని ఇంగ్లీషులో ఉంది. డాక్టరు చెప్పాక ఆయన గింజ కూడా అటూ ఇటూ కానివ్వరు. వంటింటి త్రాసు తెప్పించుకుని, దాని మీద కంచం పెట్టి సున్నా చేసి, వండిన అన్నం సరిగ్గా 100 గ్రాములు తూచుకునేవారు. నాలుగు ముద్దలకే కంచం ఖాళీ.

పన్నెండో రోజు సాయంత్రం ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే చెమటలు పట్టి, చేతులు వణికి గట్టు మీద కూలబడిపోయారు. పక్కన నడుస్తున్న ఆయనెవరో పంచదార దట్టించిన టీ తాగించారు. ఇంటికి తీసుకొచ్చి చూస్తే అప్పటికీ షుగర్ 72. మర్నాడు క్లినిక్‌లో అడిగితే, ‘‘మేం రాసింది బియ్యం బరువు కదమ్మా’’ అన్నారు.

100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలుంటాయి. అదే 100 గ్రాముల అన్నంలో 130 చిల్లర. బియ్యం నీళ్లు పీల్చుకుని రెండున్నర, మూడు రెట్ల బరువు తూగుతుంది, నీళ్లకు కేలరీలు లేవు. అంటే మా నాన్నగారు మాత్రలు మామూలుగానే వేసుకుంటూ, పూటకు 220 కేలరీలు తక్కువ తిన్నారు. ఆ చీటీలో ‘బియ్యం’ అని ఒక్క మాట ఉంటే ఇదంతా జరిగేది కాదు.

వడ్లు వేరు, బియ్యం వేరు, అన్నం వేరు అని మన భాషలో పసిపిల్లలకు కూడా తెలుసు. మూడు మాటలున్న మనం రెండర్థాల ‘రైస్’ దగ్గరకెళ్లి ఎందుకు ఇరుక్కోవాలి? పప్పు సంగతి వేరు. పచ్చిదైనా ఉడికిందైనా మనకూ పప్పే కాబట్టి అక్కడ ‘ఉడకనిది’ అని విడిగా రాయాల్సిందే. చోడి (రాగి) అంబలైతే మరీను. ఒక్కో ఇంట్లో ఒక్కో పలచన, గ్లాసుల్లో లెక్కేస్తే ఏమీ తేలదు. పోసిన పిండి ఎంతో చూడాలి.

పొరపాటు రెండో వైపూ జరుగుతోంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ 60 గ్రాముల బియ్యం కొలిచి వండుకుని, ఫోన్ యాప్‌లో మాత్రం 60 గ్రాముల అన్నమని కొట్టేవారు. తిన్నది 210 కేలరీలు, యాప్ చూపించేది 80కి కాస్త అటూ ఇటూ. బరువెందుకు తగ్గట్లేదో తెలియక ఒకటే టెన్షన్ పడ్డారు.

ఇప్పుడు మేం బియ్యమే తూస్తున్నాం. పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగుతుంది, కొత్త బియ్యానికి తక్కువ చాలు, కాబట్టి అన్నం బరువు రోజూ ఒకేలా ఉండదు. నిన్న అందరికీ కలిపి 300 గ్రాములు పోస్తే 840 గ్రాముల అన్నమైంది. అంటే 2.8 రెట్లు. నాన్నగారికి 100 గ్రాముల బియ్యం లెక్కన 280 గ్రాములు వడ్డించాను. ఎన్నాళ్ల తర్వాతో ఆయన పెరుగన్నం దాకా వచ్చారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజుకు 250 గ్రాముల ధాన్యాలు చెప్పింది. అది వండకముందు బరువు. దాన్ని అన్నమనుకుని పాటిస్తే మనిషి నీరసించిపోతాడు.

విశాఖలోని ఆసుపత్రులు, క్లినిక్‌లు డైట్ చీటీలు తెలుగులో ఇవ్వాలి. ప్రతి బరువు పక్కనా వండకముందా, వండాకా అన్నది రాయాలి. జిల్లా వైద్యాధికారులు ఈ మేరకు అందరికీ సూచన పంపాలి. మీ ఆరోగ్యం పేజీలో వేసే కేలరీల పట్టికల్లో కూడా ‘రైస్’ తీసేసి బియ్యమో, అన్నమో వేయమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం